అవతలివాడి మాట ముందు

తాండూరు బజారులో మాకు తాతల నాటి కిరాణా కొట్టు ఉంది. ఆ కొట్లో కూర్చునే పాతికేళ్లుగా ఒక దినపత్రికకు చుట్టుపక్కల మండలాల వార్తలు పంపుతున్నాను. ఊళ్లలో నన్ను పేపర్ సేటు అంటారు. వయసులో ఉన్నప్పుడు ఓరియంటల్ కాలేజీలో అలంకారశాస్త్రం, తర్కం చదివాను. లెక్చరర్ ఉద్యోగం వస్తుందనుకున్నాను, రాలేదు. చదివిన చదువంతా పప్పుల బస్తాల మధ్య మురిగిపోతోందన్న కడుపుమంట నాకు ఇప్పటికీ చల్లారలేదు. ఆ మంటతోనే దొరికినవాడికల్లా మాట్లాడటం నేర్పుతూ వచ్చాను.

మొదట నాయకులకు ప్రసంగాలు రాసిచ్చాను. మార్కెట్ యార్డులో సభ పెట్టిన ఒక పెద్దమనిషికి మంచి ఉత్ప్రేక్ష ఒకటి రాశాను. ఎండకు ఆరబోసిన కందులను చూస్తే రైతు చెమటే ఎర్రబడి గింజ కట్టిందేమో అనిపిస్తోందని. ఆయన ఆ వాక్యం చదివి, ఆగి, "ఇది మన పేపర్ సేటు రాసిండు, మస్తుగున్నది" అని మైకులోనే చెప్పి ముక్కు తుడుచుకుని తర్వాతి వాక్యంలోకి వెళ్లాడు. జనం చప్పట్లు కొట్టారు. నాకు వారం రోజులు అన్నం సయించలేదు. నాయకుల నోట్లో అలంకారం పెట్టకూడదని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను.

బడిపిల్లలు నయం. చెప్పింది చెప్పినట్టు అప్పజెబుతారు. వికారాబాద్ జిల్లా అయ్యాక అక్కడ ఉపన్యాస పోటీలు ఎక్కువయ్యాయి. నేను తయారుచేసిన పిల్లలు ఏటా బహుమతులతో రైలెక్కి తిరిగొచ్చేవాళ్లు. నేను వాళ్లకు నేర్పేది ఒకే పద్ధతి. తర్కంలో దాన్ని పూర్వపక్షం, సిద్ధాంతం అంటారు. నీ మాట ముందు చెప్పకూడదు. అవతలివాడి మాట ముందు చెప్పాలి, అదీ వాడికంటే గట్టిగా, వాడే వచ్చి మాట్లాడుతున్నాడా అన్నంత బాగా. అది పూర్వపక్షం. ఆ తర్వాత దాన్ని ఒక్కొక్క రాయీ లాగి కూల్చి, దాని మీద నీ మాట నిలబెట్టాలి. అది సిద్ధాంతం. న్యాయనిర్ణేతలుగా కూర్చునేది రిటైరైన తెలుగు పండితులు. సెల్‌ఫోన్ చేటు గురించి మాట్లాడాల్సిన పిల్ల దాన్ని పొగడటం మొదలుపెట్టగానే వాళ్లు ముఖాలు చిట్లించేవాళ్లు, సగంలో అది తిరగబడగానే తలలూపేవాళ్లు. మధ్యలో ఎవరూ అడ్డురారు. అడ్డురావడం ఆ పోటీల్లో నిషిద్ధం.

పత్రికకు రాయడం దీనికి పూర్తిగా తిరగేసిన పని. ముఖ్యమైన ముక్క మొదటి వాక్యంలో ఉండాలి. పేజీలో చోటు చాలకపోతే డెస్కులో ఉన్నవాడు చదవడు, తోక వైపు నుంచి కోసుకుంటూ వస్తాడు. నేను మొదట్లో వార్తల్లో కూడా పూర్వపక్షం రాసి, నా సిద్ధాంతాలన్నీ చెత్తబుట్టకు అర్పించినవాణ్ణే. బుద్ధి వచ్చాక అసలు మాట పైన పెట్టడం నేర్చుకున్నాను. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, నాకు తెలియక చేశానని రేపు ఎవరూ జాలి పడకూడదు.

యాలాల్ మండలంలోని ఒక ఊరి నుంచి గొర్ల కాపరి ఒకతను మా కొట్టుకు వచ్చేవాడు. యాభై దాటిన మనిషి. ఉప్పు కొనేవాడు, తాళ్లు కొనేవాడు, ఎక్కువ మాట్లాడేవాడు కాదు. ఒక పొద్దున ఏమీ కొనకుండా నిలబడ్డాడు.

"సేటు, మా బంచరాయి పోతున్నదట. రాళ్ల కంపెనీకి ఇస్తరట. వచ్చే వారం కాక పై వారం ఊర్లనే పెద్ద మీటింగ్ పెడుతున్రు. సంఘపోళ్లు నన్ను మాట్లాడుమన్నరు."

బంచరాయి అంటే ఊరి జీవాల మేత కోసం వదిలేసిన ఉమ్మడి భూమి. దాని కింద నాపరాయి ఉంది. ఒక కంపెనీ గని పెడతానంది. గనికి ముందు అధికారులు ఊళ్లో టెంటు వేసి, జనం అభిప్రాయాలు మైకులో విని, వీడియో తీసి, రాసుకుని పోవాలి. ఆ ప్రకటన మా పత్రికలోనే చీమతలకాయంత అక్షరాల్లో వచ్చింది. ఊరి గొర్ల కాపరుల సంఘం ఇతన్ని ఎంచుకోవడానికి కారణం గొంతు. గుట్ట ఇవతల నుంచి కేకేస్తే అవతలి మంద ఆగేది.

"నువ్వు ఏం చెప్దామనుకున్నవ్?" అని అడిగాను.

"ఏమున్నది సేటు. గీ బంచరాయి మా తాతల కాడికెళ్లి గొర్లు మేసే జాగ. గిది పోతే మేం జీవాలు అమ్ముకోవాలె. ఇయ్యం. గంతే."

"గంతేనా?" అని నవ్వాను. బెల్లం కోసం నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్లు నా నవ్వు చూసి వాళ్లూ నవ్వారు. "గిట్ల మాట్లాడితే ఆఫీసర్లు నిన్ను గూడ గొర్రె అనే అనుకుంటరు."

అతను తల దించుకున్నాడు. నా మాట బాగా తగిలిందని నాకు సంతోషమైంది. నేను నేర్పుతానన్నాను.

పది రోజులు పొద్దున్నే బండి మీద ఆ బంచరాయికి వెళ్లాను. అతనికి చదువు రాదు. చిన్నప్పుడు ఒగ్గు కథ చెప్పేవాళ్ల వెంట తిరిగాడట, అందుకని చెవితో విన్నది ఎంత పొడుగైనా గుర్తుంటుంది. కానీ వరుసలోనే గుర్తుంటుంది. మధ్యలో ఆపి "ఆ రోడ్డు ముక్క మళ్లీ చెప్పు" అంటే చెప్పలేడు. "అయ్యా, పెద్దలందరికీ దండాలు" నుంచి మొదలుపెట్టి రావాల్సిందే. అది నాకు ముద్దొచ్చింది. ఇంత నిఖార్సైన శిష్యుడు వికారాబాద్ పిల్లల్లో కూడా దొరకలేదనుకున్నాను.

ఉపన్యాసం నేను జీవితంలో రాసిన వాటన్నిటిలో గొప్పది. కంపెనీ వస్తే తారురోడ్డు వస్తుంది, పిల్లలకు కొలువులొస్తాయి, భూమి కింద ఊరికే పడున్న రాయి పైకొచ్చి నాలుగిళ్లు నిలబెడుతుంది, ఈ రాళ్ల నేల మీద గొర్రె తోకంత గడ్డి తప్ప ఏం పెరుగుతుంది, ఇలా సాగుతుంది పూర్వపక్షం. "అయితే అయ్యా, ఒక్క మాట అడుగుత" దగ్గర అది తిరగబడుతుంది. ఆ రోడ్డు మీద ఎవరు నడుస్తారు, ఎవరి లారీలు నడుస్తాయి, ఆ కొలువుల్లో దుమ్ము మింగేదెవరు, గడ్డి తక్కువున్న నేల మీద ఇన్ని తరాలు ఎట్లా బతికాయి అని ఒక్కో ప్రశ్నా వచ్చి, చివర "ఇయ్యం" అన్న ఒక్క మాటతో ఆగుతుంది. ఆ "ఇయ్యం" కోసం వెనక అంత మెట్లదారి కట్టాను. మొదటిసారి అతను మొత్తం ఆపకుండా చెప్పినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

ఒక రోజు అతను అడిగాడు. "సేటు, కంపెనోడు చెప్పేటి మాట నేనెందుకు చెప్పాలె? వాడు చెప్పుకుంటడు గద."

"వాని మాట వానికంటె మంచిగ నువ్వు చెప్తే, ఎన్క వానికి చెప్పెతందుకు ఏం మిగలది."

"మావోళ్లు నారాజైతరేమో."

"మీవోళ్లకు ఏం తెల్సు? నువ్వు చెప్పు."

"సదువుకున్నోనివి. నీకే ఎరుక" అని గొర్రెల వైపు తిరిగి మళ్లీ దండాల నుంచి మొదలుపెట్టాడు.

గడియారం పెట్టి చూశాను. మొత్తం ఏడు నిమిషాలు. అందులో కంపెనీ మాట నాలుగు నిమిషాలు. ఇలాంటి సభలు నేను ఎన్నో చూశాను. మనిషికి మూడు నిమిషాలకు మించి ఇవ్వరు, ఇచ్చిన మూడూ పూర్తిగా ఇవ్వరు. పూర్వపక్షం కుదించమని నా బుర్రే నాకు చెప్పింది. కుదించబుద్ధి కాలేదు. ఒక్క వాక్యం తీసినా కట్టడం ఒరిగిపోతుందనిపించింది. ఇంకా నిజం చెప్పాలంటే, ఆ ఉపన్యాసం విని వేదిక మీది అధికారి అబ్బురపడి "ఇది ఎవరు నేర్పారు?" అని అడగాలని నా కోరిక. నేను కింద విలేకరుల కుర్చీలో ఏమీ ఎరగనట్టు రాసుకుంటూ ఉండాలి. ఆ దృశ్యం ముందే నా కళ్లకు కట్టింది. గొర్రెలు ఏమవుతాయన్నది అంతగా కట్టలేదు.

సభ రోజు టెంటు నిండిపోయింది. ఒక పక్క ఊరివాళ్లు, ఒక పక్క కంపెనీ బస్సుల్లో తెచ్చిన వాళ్లు. ఆ రెండోవాళ్లలో సగంమంది సరిహద్దు అవతలి నుంచి వచ్చారు, తమలో తాము కన్నడంలో మాట్లాడుకుంటున్నారు. పోలీసులు మధ్యలో తాడు కట్టారు. అధికారి మొదట్లోనే చెప్పాడు, ఒక్కొక్కరికి మూడు నిమిషాలు, సూటిగా మాట్లాడాలి అని. లేచి వెళ్లి అతని చెవిలో "ముందు ఇయ్యం అని చెప్పెయ్" అనడానికి నాకు కావలసినంత సమయం ఉంది. అతనికంటే ముందు ఆరుగురు మాట్లాడారు. నేను లేవలేదు.

అతను ఉతికిన పంచె కట్టుకుని, భుజాన గొంగడి వేసుకుని వచ్చాడు. మైకు పట్టుకోగానే అతని గొంతుకు సౌండు పెట్టెలు అదిరాయి. "అయ్యా, పెద్దలందరికీ దండాలు. గీ కంపెనీ వస్తే మా ఊరికి తారురోడ్డు వస్తది." ఊరివాళ్లు ముఖాలు చూసుకున్నారు. "మా పోరగాండ్లకు కొలువులొస్తయ్." తాడు అవతల కంపెనీ మనుషులు చప్పట్లు కొట్టారు. నేను చెప్పినట్టే, ప్రతి మాటా అవతలివాడికంటే బాగా చెప్పాడు. అంత బాగా చెప్పడమే అతని కొంప ముంచింది. "ఈ రాళ్ల నేల మీద గొర్రె తోకంత గడ్డి తప్ప ఏం పెరుగుతది" అనగానే అతని మేనత్త కొడుకే లేచి, "ఎంత తిన్నవ్‌రా, దిగు" అన్నాడు. ఆడవాళ్లు మట్టి చేతిలోకి తీసుకుని చల్లారు. చెప్పు ఒకటి వచ్చి వేదిక మెట్టు మీద పడింది.

అతను ఆగలేదు. ఆగితే మళ్లీ దండాల నుంచి రావాలి కదా. గొంతు ఇంకా పెంచి కంపెనీ మాటల్లోనే వేగంగా ముందుకు పోయాడు. తిరగబడే వాక్యం చేరుకుంటే చాలు, అంతా సర్దుకుంటుందని నమ్మాడు. గోల పెరిగేకొద్దీ కంపెనీని ఇంకా గట్టిగా పొగుడుతున్నట్టయింది. అధికారి చేయి ఊపాడు. ఒక ఉద్యోగి వచ్చి మైకు లాక్కున్నాడు. "సరే, మద్దతు చెప్పిండ్రు, రాసుకున్నం, కూసోండ్రి" అన్నాడు అధికారి. అతను మైకు లేకుండానే "అయితే అయ్యా, ఒక్క మాట" అనడం నేను విన్నాను. నేను దగ్గర కూర్చున్నాను కాబట్టి విన్నాను. ఇంకెవరికీ వినపడలేదు.

ఆ మధ్యాహ్నం కొట్టుకు తిరిగొచ్చి వార్త రాశాను. మొదటి వాక్యం గ్రామస్తుల వ్యతిరేకత. రెండోది ఉద్రిక్తత. మూడోది, ఒక గొర్ల కాపరి సహా కొందరు మద్దతు తెలిపారని. కాపరి ప్రసంగం మధ్యలోనే ఆగిపోయిందనీ, అతను నిజానికి గనిని వ్యతిరేకించడానికే వచ్చాడనీ కూడా రాశాను. చిట్టచివరి పేరాలో రాశాను. పైన పెడితే, ఆ సంగతి నీకెలా తెలుసని డెస్కు అడుగుతుంది. తోక కోస్తారని నాకు తెలుసు. మర్నాడు పేపరు తెరిస్తే తోక లేదు. మనసులో ఎక్కడో తేలికపడ్డాను, ఆ సంగతీ దాచను.

ఇంతలో ఎవడో ఫోన్లో తీసిన వీడియో తిరగడం మొదలైంది. నిమిషం కూడా లేదు. తారురోడ్డు దగ్గర మొదలై గొర్రె తోక దగ్గర ముగుస్తుంది. గొంతు ఖంగుమంటుంటుంది. మూడో రోజు అతను కొట్టుకు వచ్చాడు. కళ్లు గుంతలు పడ్డాయి.

"కుల్కచర్ల దిక్కు ఇచ్చిన నా బిడ్డ ఫోన్ జేసి ఏడుస్తున్నది సేటు. అత్తగారింట్ల అందరు చూసిన్రట. పేపర్ల రాయి జర, నేను ఇయ్యమనెతందుకే పోయిన్నని."

"రాసిన. వాళ్లు తీసేసిన్రు."

"మల్ల రాయి."

"ఒక్కసారి అచ్చయినంక మల్ల రాయరు" అన్నాను. రాస్తారు. వివరణ అని రెండు వాక్యాలు వేయించడం నాకు పది నిమిషాల పని. కానీ వేస్తే, నేర్పిందెవరన్న ప్రశ్న వస్తుంది. తాండూరులో పండితుడినని విర్రవీగినవాడి చదువు ఒక మనిషిని చెప్పు దెబ్బల దాకా తీసుకెళ్లిందని బజారంతా నవ్వుకుంటుంది. అతను ఉప్పు కొనుక్కుని వెళ్లిపోయాడు.

ఆదివారం పొద్దున సంఘం భవనంలో పంచాయితీ పెట్టారు. నన్ను కూడా పిలిచారు. నేను అతనితో బంచరాయిలో మాట్లాడుతుండగా కొందరు చూశారట. సున్నం వేయని ఆ గదిలో అరవై మంది కింద కూర్చున్నారు. నాకు మాత్రం కుర్చీ వేశారు.

"మద్దతు చెప్పలే, ఇయ్యమనెతందుకే పోయిన అంటున్నవ్ గద. ఆ రోజు ఏం మాట్లాడదామని పోయినవో గిప్పుడు చెప్పు" అన్నాడు సంఘం పెద్ద.

అతను లేచి నిలబడ్డాడు. "అయ్యా, పెద్దలందరికీ దండాలు. గీ కంపెనీ వస్తే మా ఊరికి తారురోడ్డు వస్తది."

గది భగ్గుమంది. మళ్లీ అదే మాటా అని లేచారు. పెద్ద అందరినీ కూర్చోబెట్టి, "అది కాదు, ఎన్క మాట చెప్పు" అన్నాడు. వెనక మాటకు అతను సూటిగా వెళ్లలేడు. నాకు తెలుసు. కళ్లు మూసుకుని పెదాలు గబగబా కదిలించడం మొదలుపెట్టాడు. కంపెనీ మాటలన్నీ లోపల చెప్పుకుంటూ పరుగెత్తుతున్నాడు, తిరగబడే చోటు చేరుకోవాలని. చూసేవాళ్లకు మాత్రం అబద్ధం వెతుక్కుంటున్నట్టే ఉంది. నిమిషం గడిచింది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుకు వరుస తప్పింది. అతను కళ్లు తెరిచి నా వైపు చూశాడు.

"సేటును అడగుండ్రి. సేటే నేర్పిండు."

అందరి తలలూ తిరిగాయి. "నిజమేనా సేటు?" అన్నాడు పెద్ద.

"నాకు దీంతోని ఏ సంబంధం లేదు" అన్నాను. గుక్క తిప్పుకోలేదు. "నేను పేపర్ పని మీద పోయిన. ఊరి సంగతులు అడిగిన. అంతకు మించి నాకేం ఎరుక లేదు."

ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. నా చొక్కా, నా కుర్చీ చూశారు, నమ్మేశారు. తీర్పుకు ఎక్కువసేపు పట్టలేదు. బంచరాయి కంపెనీకి ఇమ్మన్నోడి జీవాలు ఇకనుంచి ఆ బంచరాయిలో అడుగుపెట్టొద్దు. ఎవరి మంద అతని మందతో కలవొద్దు. కంపెనీ సంగతి ఇంకా వికారాబాద్ కలెక్టరేట్ ఫైళ్లలోనే ఉంది. గని వస్తుందో రాదో ఎవరికీ తెలియదు. అతనొక్కడికే ఆ భూమి ఆ పొద్దున్నే పోయింది.

బయటికొచ్చి బండి తీస్తుంటే అతను నా దగ్గరికి వచ్చాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేదనిపించింది. ఎదురుగా నిలబడి, బంచరాయిలో పాఠం అడిగినంత నెమ్మదిగా అడిగాడు.

"సేటు, నిన్ను అడగంగనే నీకు సంబంధం లేదని మొదటి మాటనే చెప్పినవ్. మా దిక్కుకెళ్లి చెప్పలే, ఇంకోని దిక్కుకెళ్లి చెప్పలే. నీ మాట నువ్వు ముందుగాల చెప్పుకున్నవ్. ఒక్కడు గూడ అడ్డం రాలే."

నేను తాళం కోసం జేబులు తడుముకున్నాను.

"గట్ల మాట్లాడుడు నీకొస్తది గద. మరి నాకెందుకు నేర్పలే?"

తాళం బండికే ఉంది. తిప్పి స్టార్ట్ చేసుకుని వచ్చేశాను.